ఎలా పడాలి

నెరిమాలో ఆ ఏడు వానలు జూన్‌లో మొదలై
మా సినిమా పూర్తయ్యేదాకా ఆగలేదు.
నాది బొమ్మలు గీసే పని కాదు.
గీసేవాళ్ళ గుమ్మాల ముందు అర్ధరాత్రి వ్యాన్ ఆపి
గోధుమరంగు కవర్లు పోగేసుకొచ్చే పని.
ఒక్కో కవరు ఒక్కో షాటు.
ఒకదాంట్లో కొండ పగులుతుంది,
ఒకదాంట్లో వీరుడి జుట్టు మాత్రమే కదులుతుంది,
ఒకదాంట్లో ఏమీ ఉండదు, "రేపు రా" అన్న చీటీ తప్ప.

షకుజీ వాగు పక్కన ఒకావిడ
చంటిబిడ్డని వీపుకి కట్టుకుని మెరుపులు గీసేది.
బిడ్డ కదిలినప్పుడల్లా మెరుపు వంకర పోయేది.
అవే బాగున్నాయని ఉంచేశారు.

సినిమాలో ఆకాశానికి తొమ్మిది అంతస్తులు.
పై అంతస్తులో వెయ్యేళ్ళ రాక్షసుడు,
వాణ్ణి వట్టి చేతుల్తో కొట్టాల్సిన కుర్రవాడు,
వాడి అరచేతిలోంచి నీలపు మంట.
ఆ నీలం కోసం రంగుల గదిలో హిసానో
పదకొండు సీసాలు పక్కన పెట్టి
పన్నెండోదాన్ని వాసన చూసి "ఇది" అందట.

విడుదలకి పందొమ్మిది రోజులు.
కట్ రెండువందల పద్నాలుగు రాలేదు.
బల్లకింద పడుకున్న దర్శకుడు
కళ్ళు తెరవకుండానే అన్నాడు: కుజిరాయి.
నేను తాళాలు తీసుకున్నాను.

కుజిరాయి ఇల్లు రైలు పట్టాల పక్కన.
చివరి రైలు వెళ్ళిపోయింది, మొదటిది ఇంకా రాలేదు.
తలుపు తీస్తే ఉడికిన ముల్లంగి వాసన,
మెడకి తువ్వాలు, మోకాలికి పట్టీ.
"కొట్టడం అయిపోయింది" అన్నాడు పెద్దాయన.
"ముప్ఫై ఏళ్ళుగా కొట్టిస్తూనే ఉన్నాను, నిద్రలో కూడా గీస్తాను.
పడటమే కుదరట్లేదు.
వెయ్యేళ్ళలో ఒక్కసారీ పడనివాడు
మొదటిసారి ఎలా పడతాడు, చెప్పు."

నాకేం తెలుసు.
పొద్దుటినుంచీ రెండు రొట్టెముక్కలు, ఆరు డబ్బాల కాఫీ.
"అయితే పడు" అన్నాడు.

చాప మీద పడ్డాను.
"నటించకు."
మళ్ళీ పడ్డాను.
"చేతులు ముందే చాపుతున్నావు. నేల ఉందని నీకు తెలుసు.
వాడికి తెలీదు."
వాళ్ళావిడ నిద్రలేచి వచ్చి
ఏమీ అడక్కుండా స్టాప్‌వాచ్ పట్టుకుంది.
ఒకటీ పాయింట్ ఆరు. ఒకటీ పాయింట్ నాలుగు.
కింది వాటావాళ్ళు చీపురుకర్రతో పైకి పొడిచారు.
పద్నాలుగోసారో పదిహేనోసారో
పడదామని లేచానా,
నిలబడ్డచోటే నిద్ర ముంచుకొచ్చింది.

మోచేయి ముందు తగిలింది.
తర్వాత భుజం.
తల చివరగా, పిలవని ఇంటికొచ్చిన చుట్టంలా.
ఒక చెయ్యి గాల్లోనే ఉండిపోయి
కాసేపటికి గుర్తొచ్చి దిగింది.

ఎవరూ మాట్లాడలేదు.
పెన్సిల్ మాత్రం వినిపించింది,
పక్కింట్లో ఎవరో బియ్యం కడుగుతున్నట్టు.

తెల్లారాక కవరు చొక్కాలో దోపుకుని పరిగెత్తాను.
ఎర్రలైటు దగ్గర తీసి చూశాను, చూడకూడదు గానీ.
నలభైమూడు కాగితాలు.
వేళ్ళ మధ్యనుంచి గబగబా వదిలితే
కొమ్ములు, మూడు కళ్ళు, చిరిగిన అంగీ,
వాటి లోపలెక్కడో నా ఒళ్ళు.
వెనక లారీ హారన్ కొట్టింది.

సెప్టెంబరు, ఇకెబుకురోలో హాలు సగమే నిండింది.
కుర్రవాడి పిడికిలి తగిలినప్పుడు పిల్లలు ఈలలేశారు.
రాక్షసుడు పడుతున్నప్పుడు ఎందుకో ఎవరూ అరవలేదు.
ముందు వరసలో ఒక పాప మాత్రం వాళ్ళ నాన్నని అడిగింది:
"వాడికి నిద్రొచ్చిందా?"

నా పక్క సీట్లో కుజిరాయి
నోరు తెరిచి గురకపెడుతున్నాడు.

చివర పేర్లొచ్చాయి, చీమల బారులా.
నాది ఒక గీత తక్కువై
వేరే ఎవడిదో అయి కూర్చుంది.
వాడెవడో గానీ,
బాగా పడ్డాడు.